పలుపు మా ఇంట్లోనే ఉంది

మా అమ్మ ఇంట్లో వంటగది గుమ్మం పక్కన మేకుకు ఒక పలుపు వేలాడుతూ ఉంటుంది. గేదె మెడకు కట్టే తాడు. ముడి దగ్గర జిడ్డు పట్టి నల్లబడింది, మెడ ఒరుసుకున్న చోట నున్నగా అరిగింది. గేదెను అమ్మేసి ఏళ్లయింది. తాడు మాత్రం ఉంది, ఎందుకంటే మా వైపు గేదెను అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాళ్లే కొత్త తాడు తెచ్చుకుని మెడకు వేసి తోలుకుపోవాలి. పాత పలుపు ఇచ్చేస్తే ఇంట్లో పాడి కూడా దాని వెంటే గడప దాటుతుందని నమ్మకం. పలుపు ఉంటే ఎప్పటికైనా ఇంకో గేదె వస్తుందట.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఏటా బడులు తెరిచే ముందు, పిల్లల్ని చేర్పించండమ్మా అని ఇంటింటికీ తిరగాలి. తల్లిదండ్రులతో మాట్లాడుతూనే ఉంటాను కానీ నా కళ్లు గోడల మీదికి పోతాయి. అది నా జబ్బు. ఈ మధ్య ఏ ఇంట్లో చూసినా పలుపు మేకుకు ఉంటుంది, కొట్టంలో గేదె ఉండదు. కొట్టంలో మోటార్ సైకిలో, విరిగిన మంచమో, ఖాళీ పురుగుమందు డబ్బాలో ఉంటాయి. అదృష్టాన్ని ఇంత జాగ్రత్తగా దాచుకున్న జనాన్ని నేనెక్కడా చూడలేదు. తాళ్లను బట్టి లెక్కేస్తే మా మండలమంత అదృష్టవంతమైన మండలం ఇంకోటి ఉండకూడదు.

మా బడిలో ఒక మాస్టారున్నారు. మంచివారే. మధ్యాహ్నం క్యారేజీలు విప్పగానే ఆయన ఉపన్యాసం మొదలవుతుంది. "పేదరికమనేది మనం ఎంచుకునేదే మేడమ్. కష్టపడేవాడు ఎక్కడున్నా బాగుపడతాడు. మనవాళ్లకు ఆశెక్కువ, ముందుచూపు తక్కువ." ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మీ ఇంట్లో గేదె ఉందా మాస్టారూ?"

"ఎందుకండీ ఈ రోజుల్లో ఆ పేడా అదీ? పాకెట్ పాలు గుమ్మంలోకే వస్తున్నాయిగా," అన్నారు.

నాకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. ఇప్పుడు ఆ పలుపు దగ్గర మొదలుపెడుతున్నాను.

మాది పర్చూరులో బస్సు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పులు వదిలేసి నడవాలి. నాన్న కౌలు రైతు. సొంతానికి సెంటు భూమి లేదు, అయినా ఎవరైనా ఏం చేస్తావని అడిగితే "వ్యవసాయం" అనేవాడు, ఆ మాట అన్నప్పుడు కాస్త నిటారుగా నిలబడేవాడు. ఒంగోల్లో ఉండే ఒక ఆసామి పొలం కౌలుకు తీసుకుని మిర్చి వేసేవాడు. కౌలుకు కాగితమేమీ ఉండదు. ఉగాదికి మాట అనుకుంటారు, ఆ మాట మీదే ఏడాదంతా నడుస్తుంది.

గేదె మాత్రం పూర్తిగా అమ్మది. పాలకేంద్రంలో పోసిన పాలతోనే మా ఇంట్లో ఉప్పూ పప్పూ వచ్చేవి. డిగ్రీ అయ్యాక టీచరు పరీక్ష కోసం నేను ఒంగోలు కోచింగ్‌కు పోయిందీ ఆ పాల మీదే. అమ్మ దాన్ని "ఏమే" అని పిలిచేది. నన్నూ "ఏమే" అనే పిలిచేది. పెరట్లోంచి ఆ పిలుపు వినబడితే మేమిద్దరమూ తల తిప్పేవాళ్లం. పిలిచింది దాన్నయితే అది నావైపు కాస్త గర్వంగా చూసినట్టు ఉండేది.

మేము చర్చికి పోయేవాళ్లం. ఆదివారం పాడిన పాటనే అమ్మ మిగతా రోజులంతా పాలు పితుకుతూ కూనిరాగం తీసేది. దూడను కాసేపు కుడవనిచ్చి పక్కకు కట్టేసి, పొదుగు మీద నీళ్లు చల్లి, పాట మొదలుపెట్టేది. సగం పాటకు గేదె చేపేది, అంటే పొదుగులోకి పాలు దించేది. ఇంకెవరు కూర్చున్నా చేపేది కాదు. అమ్మకు జ్వరమొస్తే నాన్న ఆమె చీర భుజాన కప్పుకుని కూర్చునేవాడు. ఆ వాసనకు ఎంతో కొంత ఇచ్చేది. మీసాలతో, చీరతో, రాని పాట పాడుతూ నాన్న కూర్చుంటే నేనూ అమ్మా పడీపడీ నవ్వేవాళ్లం. మా ఇంట్లో నవ్వులన్నీ ఆ కొట్టంలోవే అనిపిస్తుంది ఇప్పుడు ఆలోచిస్తే.

ఆ ఏడు మిర్చి బాగా కాసింది. రెండో కోత కాయలు కల్లంలో ఎర్రగా పరిచి ఉన్నాయి. ఇంకొక్క ఎండ కాస్తే టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలాలి. అప్పుడు సముద్రం వైపు, కొత్తపట్నం మీద నుంచి మబ్బు పట్టింది. ఎండలు ముదరాల్సిన కాలంలో వాన. ఊరంతా టార్పాలిన్ పట్టాల కోసం పరుగెత్తింది. కప్పాం, కప్పినవి గాలికి లేచిపోయాయి, మళ్లీ కప్పాం. వాన పైనుంచే కాదు, రేగడి కిందనుంచి కూడా తడిపింది. తెరిపిచ్చాక పట్టా తీస్తే ఆవిరి వచ్చింది, ఉడకబెట్టిన వాసన. కాయ తెల్లబడింది. మిర్చిలో తెల్లకాయను తాలు అంటారు. ఏరి పక్కన పెడతారు. ఆ ఏడు అమ్మా నేనూ కూర్చుని తాలును కాదు, బాగున్న కాయల్ని ఏరాం. అవే తక్కువ.

నష్టం రాసుకోవడానికి ఉద్యోగులొచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కల్లం ఫోటో తీశారు, పక్కన నాన్నను కూడా నిలబెట్టారు. నాన్న తలపాగా సర్దుకున్నాడు. కొన్నాళ్లకు పరిహారం పడింది. ఆసామి పేరు మీద పడింది. పొలం ఎవరి పేరునుంటే నష్టం వాళ్లకేనట. నాన్న మిర్చి నానిపోతే ఒంగోల్లో మేడ మీద కూర్చున్న మనిషికి నష్టం జరిగిందన్నమాట.

నాన్న వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను, నా కోచింగ్ సెంటరు ఆ పక్క వీధిలోనే. ఆసామి మమ్మల్ని లోపలికి రమ్మన్నాడు, కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే ఆయన దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే నాకు సులువుగా ఉండేది.

"నా పేరున పడితే నేనేం చేసేదిరా? నేనడిగానా?" అన్నాడు.

"కౌలుకార్డు మీద ఒక సంతకం పెట్టుంటే నాకే వచ్చేది గదండీ," అన్నాడు నాన్న, గ్లాసులోకి చూస్తూ.

"సంతకం పెడితే రేపు పొలం నాదేనంటావు. నువ్వనవు, నాకు తెలుసు. రేపు ఎవరైనా నీ చేత అనిపిస్తారు. ఈ చట్టాల్ని నమ్మేదెట్టా చెప్పు?"

పడిన దాంట్లో కొంత ఇవ్వమని అడగడానికి నాన్న దారంతా మాటలు కూడబెట్టుకుంటూ వచ్చాడు, బస్సులో పెదాలు కదలడం నేను చూశాను. అక్కడ మాత్రం కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆయన వచ్చే ఏడు కౌలులో కొంచెం తగ్గిస్తానన్నాడు. నాన్న దణ్ణం పెట్టి వచ్చాడు. మెట్లు దిగాక, "కాఫీ బాగుంది," అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మా మేనమామ గుంటూరు యార్డులో బస్తాలు మోసేవాడు. ఆ వారం వచ్చి అన్నం ముందు కూర్చుని నాన్నను దులిపేశాడు. "మిర్చే ఎయ్యమని ఎవురన్నారు బావా నిన్ను? జొన్నేసుకుంటే తిండన్నా మిగిలేది, గొడ్డుకి మేయను చొప్పన్నా ఉండేది. ఆశ! ఎర్రగా కనపడితే చాలు."

"జొన్నేస్తే కౌలెవుడు కడతాడ్రా, నువ్వా?" అన్నాడు నాన్న.

మామ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. మిర్చి ధరను చూసి కౌలు పెరిగింది, పెరిగిన కౌలు కట్టాలంటే మిర్చే వెయ్యాలి. దాన్ని ఎంచుకోవడం అంటారో లేదో మా మాస్టారే చెప్పాలి.

పురుగుమందుల కొట్టు బాకీ తీరిస్తేనే మళ్లీ అరువు. అరువు ఉంటేనే కౌలు. కౌలు లేకపోతే నాన్న నిన్నటిదాకా రైతుగా నిలబడిన గట్టు మీదే రేపు కూలికి నిలబడాలి. ఇంట్లో అమ్మడానికి ఉన్నది ఒక్కటే. ఎవరూ ఆ మాట అనలేదు. అమ్మే అంది, పొయ్యి దగ్గర, వెనక్కి తిరక్కుండా. "బేరగాడికి కబురు పెట్టండి."

కొనడానికి వచ్చినావిడ పక్క ఊరి మనిషి. డొంకదారిన నడిస్తే వస్తుంది ఆ ఊరు. మా అమ్మకంటే చిన్నది, చేతులు మాత్రం పెద్దవయసు చేతులు. పొదుపు సంఘంలో లోను తీసుకుని, పాలు పోసి తీర్చుకుందామని గేదె కోసం చూస్తోంది. గేదె చుట్టూ తిరిగి, పొదుగు తడిమి, పళ్లు చూసి, అన్నీ అయ్యాక అమ్మ మొహం చూసింది. "బాగా చూసుకుంటానక్కా," అంది. కొత్త పలుపు సంచిలోంచి తీసింది. పచ్చటి నైలాను తాడు. అమ్మ పాత పలుపు విప్పి భుజాన వేసుకుంది. గేదె గుమ్మం దాటి, డొంక మలుపు దాకా వెనక్కి చూసుకుంటూనే పోయింది. దూడ దాని వెంట గెంతుతూ పోయింది, దానికి అదో తిరునాళ్ల.

ఆ సాయంత్రం అమ్మ పలుపును మేకుకు తగిలించింది. పాస్టరుగారు ప్రార్థనకు వచ్చినప్పుడు అది చూసి, "అదృష్టమనేది లేదమ్మా, అంతా దేవుడి చిత్తం," అన్నారు. "అదృష్టం లేదులెండయ్యగారూ," అంది అమ్మ. "పలుపుంది." ఆయన నవ్వేశారు. అమ్మ నవ్వలేదు. కల్లం పోయింది, గేదె పోయింది, నా కోచింగ్ ఆగింది. ఆ తాడు ఒక్కటే ఇంట్లో ఇంకేదో రావాల్సి ఉందని చెబుతున్నట్టు ఉండేది. అమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది. పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి దాన్ని ముట్టుకునేది. చూడనట్టు నేను పక్కకు తిరిగేదాన్ని.

కొన్నాళ్లకు గేదెను కొన్నావిడ మళ్లీ వచ్చింది. ఎండలో నడిచి వచ్చి మొహం కందిపోయింది. నీళ్లిస్తే తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

"చేపట్లేదక్కా. దూడను ఎగబడి కుడవనిచ్చినా నాలుగు చుక్కలు. నువ్వేం పెట్టేదానివి, ఏం చేసేదానివి, అంతా చెప్పు."

అమ్మ అన్నీ చెప్పింది. నీళ్లు చల్లడం చెప్పింది. పాట కూడా చెప్పింది, ఆవిడకు వేరే దేవుడైనా సరే శ్రద్ధగా నేర్చుకుంది. అమ్మ లోపలికెళ్లి తాను కట్టి విడిచిన చీర తెచ్చి ఇచ్చింది. "ఉతక్కుండా కప్పుకో. వాసనకు చేపుద్ది."

ఆవిడ చీర తీసుకుంది. కదల్లేదు. వంటగది గుమ్మం వైపు చూసింది.

"ఆ పలుపు కూడా ఇయ్యక్కా. కొత్త తాడు దానికి పడ్లేదంటున్నారు అందరూ. పాలు దిగగానే తెచ్చిచ్చేస్తా. లోను తీసుకున్నానక్కా."

అమ్మ ఎవరికీ ఏదీ లేదనే మనిషి కాదు. పొరుగింటికి ఉన్న బియ్యంలో సగం పోసి మమ్మల్ని గంజితో సరిపెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. అలాంటి మనిషి లేచి వెళ్లి పలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏదన్నా అడుగు, ఇస్తా. పలుపు మాత్రం అడక్కమ్మా. నాకూ ఇంకేం లేదు."

ఆవిడ అర్థమైనట్టు తలూపింది. నిజంగానే అర్థమైంది, ఆ స్థానంలో ఉంటే తానూ ఇవ్వదు. నీళ్లు తాగి, చీర చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను, "మంచి పని చేశావమ్మా," అనబోయి ఊరుకున్నాను. "ఇచ్చెయ్యాల్సింది," అనబోయి కూడా ఊరుకున్నాను.

తర్వాత అమ్మ నలిగిపోయింది. పత్తి తీస్తుంటే చేతులు ఆగిపోయేవట, తోటి ఆడవాళ్లు చెప్పారు. చివరికి ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇంటికి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే పలుపు మేకు నుంచి తీసి బుట్టలో పెట్టింది. "రా," అంది. ఇద్దరం డొంకదారిన నడిచాం. అటూ ఇటూ మిర్చి, అది దాటితే పత్తి, అది దాటితే మళ్లీ మిర్చి. అమ్మ దారంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. పాలు పితికేటప్పటి పాట అని సగం దూరం పోయాక గుర్తుపట్టాను. చాలా రోజుల తర్వాత ఆమె మొహం తేటగా ఉంది.

ఆ ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆవిడ వాకిట్లో కూర్చుని ఉంది. అమ్మ బుట్టలోంచి పలుపు తీసి ముందుకు చాపింది. "తెచ్చానమ్మా. నీ దగ్గరే ఉంచుకో, తిరిగియ్యక్కర్లా."

ఆవిడ పలుపు అందుకోలేదు. ఆమె చూపు వెనక్కి పోతే మేమూ అటు చూశాం. కొట్టం ఊడ్చి ఉంది. పేడ లేదు. గోడకు మేకు, మేకుకు ఆ పచ్చటి నైలాను తాడు. ఇంకా సరిగ్గా మాయనైనా లేదు.

"సంతకు తోలేశామక్కా. పాలు లేని గొడ్డును ఎవురు కొంటారో నీకు తెలుసుగా, నన్నడక్కు," అంది. మేకు వైపు చెయ్యి చూపి, "తాడియ్యలేదు వాళ్లకి. తీసుకొచ్చా," అంది.

అమ్మ అక్కడే, వాకిట్లో మట్టిలో కూలబడింది. ఇద్దరి దగ్గరా పలుపులున్నాయి. ఇద్దరూ పద్ధతి తప్పలేదు, పెద్దవాళ్లు చెప్పినట్టే చేశారు.

"ఆ రోజే ఇచ్చుంటే..." అంది అమ్మ.

"పలుపు కాదులే అక్కా. చొప్ప లేదు. ఎవురి పొలంలో చూసినా పత్తీ మిర్చే, గొడ్డుకి ఏం కోసుకురాను? ఎండుగడ్డి లారీలో వస్తంది, దాని ధర విని వెనక్కొచ్చేదాన్ని. కేంద్రంలో పాలకేమో తగ్గించి ఇస్తన్నారు. కడుపుకి లేకుండా ఏం చేపుద్ది అది? నీ పాట మాత్రం రోజూ పాడా."

ఆవిడ లోపలికి వెళ్లి చీర తెచ్చింది. అమ్మ చీర. వాసన కోసం ఇచ్చిన చీరను ఉతికి, ఆరేసి, చక్కగా మడత పెట్టి ఉంచింది. ఇంక వాసనతో పని లేదు కదా. అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, నా ఎదుట ఎప్పుడూ ఏడవని మనిషి, ఆ పరాయి వాకిట్లో వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ పక్కన కూర్చుని వీపు నిమిరింది. గేదె పోయింది ఆవిడది. లోను మిగిలింది ఆవిడకు. ఓదార్పు మాత్రం ఆవిడే చెప్పింది.

తర్వాత నేను చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే మా మాస్టారు అది నా కష్టం అంటారు. నాతో చదివిన వాళ్లలో నాకంటే కష్టపడిన వాళ్లు పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పొయ్యి ఎగదోస్తున్నారు. కాబట్టి ఆ మెడల్ నేను మెళ్లో వేసుకోలేను. నాన్న కౌలు మానేశాడు. ఇప్పుడు ఎవరైనా ఏం చేస్తావంటే, "అమ్మాయి టీచరు," అంటాడు. అడిగింది ఒకటి, చెప్పేది ఇంకొకటి.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు అమ్మతో అన్నాను. "గేదెను కొందామమ్మా. నేను కొంటాను. నీకు కాలక్షేపంగా ఉంటుంది."

అమ్మ పెరటి గోడ మీదుగా చూసింది. కనిపించినంత మేరా మిర్చి. "చొప్పేదే?" అంది.

అంటే అప్పటి నుంచీ ఆమెకు తెలుసు. ఆ రోజు ఆవిడ చెప్పింది విన్నది, వాదించకుండా వదిలేసిందంతే. ఇన్నేళ్లూ అమ్మ పలుపును నమ్ముతోందని నేననుకున్నాను.

"మరి దాన్ని తీసేద్దామా?" అన్నాను, మేకు వైపు చూపించి.

"ఉండనీ."

"ఇంకా ఎందుకమ్మా?"

అమ్మ పొయ్యి మీంచి పాలు దించింది. పాకెట్ పాలు. కొంగుతో చేతులు తుడుచుకుని, పలుపు వైపు చూసింది. "ఆమె అడిగితే ఇయ్యనిది గదే అది," అంది. "కళ్ల ముందే ఉండనీ."